మెరుగు పెట్టించిన పాత వాకిజాషి: కొన్నేళ్ల తర్వాత

కత్తిని ‘వాడాను’ అంటే నాకే నవ్వొస్తుంది. దీంతో కూరగాయ కూడా తరగలేదు. ఒరలోంచి తీయడం, దీపం కింద చూడటం, తుడిచి మళ్లీ పెట్టడం, ఇదే వాడకం. టోక్యోలో ఉద్యోగం చేస్తూ కొన్న పాత వాకిజాషి (సమురాయ్‌ల పొట్టి కత్తి) ఇది, అలుగు పొడవు 42 సెంటీమీటర్లు. కొన్నప్పుడు బూడిద రంగులో, అక్కడక్కడా తుప్పు చుక్కలతో ఉండేది. మెరుగుకిచ్చాను. ‘సున్’ అనేది జపాన్ పాత కొలత, సుమారు 3 సెంటీమీటర్లు. సున్‌కి ఇంత అని లెక్కగట్టి తీసుకుంటారు. నెలల తరబడి ఎదురుచూడాలి, జేబు కూడా బాగానే ఖాళీ అవుతుంది.

ఆ డబ్బంతా ఎక్కడికి పోతుందో పని తెలిస్తే అర్థమవుతుంది. గరుకు రాయితో మొదలుపెట్టి, ఒక్కో రాయికీ నునుపు పెంచుకుంటూ క్యోటో ప్రాంతపు ఉచిగుమోరి రాయిదాకా వస్తారు. తుప్పు పట్టకుండా నీళ్లలో కాస్త సోడా కలుపుతారు. ఇక్కడిదాకా రాయి కదలదు, కత్తే కదులుతుంది. ఆ తర్వాత కత్తి కదలదు. ఉచిగుమోరిని పలచటి పలుకులుగా చేసి, వెనక జపాన్ కాగితం అంటించి, బొటనవేలి కింద అదిమి అలుగు మీద రుద్దుతారు. మెత్తటి ఇనుప ఆక్సైడ్ పొడిని నూనెలో కలిపి పులిమితే ఉక్కు నల్లబడి లోతు వస్తుంది. అలుగు వీపునీ, పక్కల ఉన్న గట్టుగీత పైభాగాన్నీ ఉక్కు కడ్డీతో అద్దంలా నునుపు చేస్తారు. మొన పని అన్నిటికంటే చివర.

నాకున్న ఒకే ఒక్క అసంతృప్తి హదోరి. పదునంచు వెంబడి తెల్లగా అల కనబడేలా రాతిపలుకుతో రుద్దే పద్ధతి అది, మెయిజీ కాలంలో (1868–1912) బాగా స్థిరపడింది. దూరం నుంచి చూస్తే కళ్లు చెదురుతాయి, ఫొటోలో ఇంకా బాగుంటుంది. కానీ ఆ తెలుపు హమోన్ (గట్టిపడ్డ పదునంచు గీత) కాదు. ఉక్కును కాల్చి నీళ్లలో ముంచినప్పుడు పుట్టిన అసలు గీత దాని లోపల, ఇంకాస్త చిక్కుగా ఉంటుంది. సషికోమి అనే పాత పద్ధతిలో ఆ గీతే బయటికి కనబడుతుంది. నా కత్తికి హదోరే నప్పుతుందని పనివాడు చెప్పాడు, బహుశా నిజమే. అయినా నా మనసు సషికోమి మీదే ఉంది. మళ్లీ చేయించుకోవచ్చుగా అంటారేమో. ప్రతి మెరుగుకీ కొంత ఉక్కు పోతుంది, మోజు కోసం ఆ పని చేయించలేను.

ట్యూబ్‌లైట్ కింద ఇవేవీ కనబడవు. గదిలో మిగతా దీపాలార్పి, ఒక్క బల్బు వైపు అలుగు చాచి, వెలుగు పడ్డచోటి పక్కన చూడాలి. అప్పుడు ‘నియె’ అనే మెరిసే రేణువులు, వాటి కింద ఉక్కు మడతల గీతలు తేలుతాయి. మొదట్లో నాకు తెల్లటి మసక తప్ప ఏమీ కనబడలేదు. కన్ను అలవాటు పడటానికి ఏడాది పైనే పట్టింది. ఇంటికొచ్చే మనవాళ్లు మాత్రం “ఇది నిజంగా తెగుతుందా?” అనే అడుగుతారు. తెగుతుంది, అందుకే చేతికివ్వను.

సంరక్షణ పెట్టెలో వచ్చే ఉచికో ఉండని (పొడి మూటని) పక్కన పెట్టేయమంటాను. రాతి పొడే కాబట్టి పదేపదే కొట్టి తుడిస్తే సన్నటి గీతలు పడతాయి. మెత్తటి గుడ్డ, కాస్త ఆల్కహాల్ చాలు. లవంగం వాసన వచ్చే చోజి నూనె బాగుంది, ఇప్పుడు అమ్మేవాటిలో ఎక్కువ భాగం ఖనిజ తైలమే. తడి కనబడనంత పలచగా రాయాలి, దట్టంగా రాస్తే మరకలు. జూన్, జూలై వానల్లో మాత్రం తరచూ తీసి చూస్తాను.

తెల్లచెక్క ఒర నాకు అన్నిటికంటే నచ్చింది. హోనోకి (జపాన్ మాగ్నోలియా) చెక్క, లోపల ఏ పూతా లేదు. రెండు బద్దల్నీ అన్నం జిగురుతోనే అతికిస్తారు, చిన్నప్పుడు మనం గాలిపటాలకి అంటించినట్టు. తుప్పో మురికో చేరితే విడదీసి శుభ్రం చేయడానికే ఈ ఏర్పాటు.

కొనాలనుకునేవాళ్లు ముందు టోక్యోలో ర్యోగోకులోని కత్తుల మ్యూజియంకి వెళ్లండి. 2018లో యొయొగి నుంచి అక్కడికి మారింది. అద్దం ముందు మోకాళ్లు వంచి, లేచి, మళ్లీ వంగుతూ చూసేవాళ్లు కనబడతారు, వాళ్లు చేసినట్టే చేయండి. కొనేటప్పుడు కత్తితో పాటు రిజిస్ట్రేషన్ పత్రం ఉండాలి, 20 రోజుల్లో పేరు మార్పు తెలియజేయాలి. దేశం దాటించాలంటే సాంస్కృతిక వ్యవహారాల సంస్థ నుంచి వేరే పత్రం కావాలి, ఇండియాలో ఆయుధాల చట్టం సంగతి విడిగా చూసుకోవాలి. నాది ప్రస్తుతానికి ఇక్కడే ఉంటుంది.