చిన్న స్పీకర్లకు సబ్‌వూఫర్ కలపాలా, టవర్లకు మారాలా: ఏది మేలు?

విజయవాడ మొగల్రాజపురంలోనో పటమటలోనో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. హాల్లో టీవీ యూనిట్ మీద చిన్న హైఫై సెట్టు, దానికి అటూ ఇటూ అయిదంగుళాల వూఫర్ (బేస్ పలికించే కోన్) ఉన్న చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు. గొంతు, వయొలిన్, వీణ చక్కగా పలుకుతాయి. మృదంగం ఎడమవైపు దెబ్బలో మాత్రం బరువుండదు. అంత శ్రద్ధగా రవ్వ ముద్ద పెట్టి దించిన శ్రుతి మన హాలు దాకా రాదు. బేస్ గిటార్ కూడా ఉందంటే ఉంది, లేదంటే లేదు. అప్పుడు వచ్చే ప్రశ్న ఇదే: ఉన్నవాటికి యాక్టివ్ సబ్‌వూఫర్, అంటే లోతైన బేస్ ఒక్కటే పలికించే పెట్టె, తగిలించాలా, వీటిని ఇచ్చేసి నేల మీద నిలబడే పొడవాటి టవర్ స్పీకర్లు తెచ్చుకోవాలా? నా ఓటు సబ్‌కే. అయితే ఎక్కువ మోత వస్తుందని కాదు.

చిన్న స్పీకర్‌ను తప్పుపట్టడానికి లేదు. ఫ్రీక్వెన్సీ సగానికి దిగితే, అంతే శబ్దం రావడానికి కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి. అయిదంగుళాల కోన్‌కి అంత శక్తి ఉండదు కాబట్టి చాలా బుక్‌షెల్ఫ్‌లు 60, 70 హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు) దగ్గరే చేతులెత్తేస్తాయి. బేస్ గిటార్‌లో అన్నిటికంటే కింది తీగ 41 హెర్ట్జ్. సెట్టులో బేస్ పెంచినా అది రాదు, పైగా గొంతు మసకబారుతుంది. పదంగుళాల సబ్ కోన్ వైశాల్యం దీనికి నాలుగు రెట్లు. దాని యాంప్లిఫయర్ కూడా దానిలోనే ఉంటుంది కనుక సెట్టు మీద భారం పడదు.

టవర్లకు ఉన్న గొప్ప సుగుణం, అన్ని వూఫర్లనూ తయారీలోనే ఒకే చేయి కూర్చి పెట్టడం. గొంతు ఎక్కడ ఆగింది, బేస్ ఎక్కడ మొదలైంది అన్న అతుకు కనపడదు. తెచ్చి పెడితే చాలు, ఒక్క నాబ్ కూడా తిప్పక్కర్లేదు. దీన్ని నేను తక్కువ చేయను.

చిక్కంతా మన హాళ్లతోనే. ఇటుక గోడలు, పైనా కిందా స్లాబు. బేస్ వాటిని తాకి దాదాపు అంతా వెనక్కి వస్తుంది. 14 అడుగుల పొడవున్న హాల్లో 40 హెర్ట్జ్ చుట్టుపక్కల, 11 అడుగుల వెడల్పుకి 50 దాటాక, గది తనంతట తానే మోగుతుంది. ఒక సోఫాలో కూర్చుంటే గుండెల్లో గుద్దినట్టుంటుంది, పక్క కుర్చీకి మారితే ఆ స్వరమే మాయం. టవర్లను స్టీరియో కోసం మనకు ఎదురుగా, సమానదూరంలోనే నిలబెట్టాలి. బేస్‌కి ఆ చోటు నచ్చకపోయినా చేసేదేమీ లేదు. పైగా బేస్ పెంచే రీఫ్లెక్స్ రంధ్రం వెనక ఉన్న టవర్‌ని గోడకు ఆనించలేం, బాల్కనీ తలుపుకి అడ్డంగానూ పెట్టలేం. సబ్‌కి ఆ బెడద లేదు. 80 హెర్ట్జ్ లోపు శబ్దం ఏ దిక్కునుంచి వస్తోందో చెవికి సరిగ్గా అందదు కాబట్టి, సోఫా పక్కనైనా ఎక్కడ బాగుంటే అక్కడే పెట్టుకోవచ్చు.

ఆ చోటు వెతకడం గంట పని. సబ్‌ని మీరు కూర్చునే సీటు మీదే పెట్టండి. బేస్ గిటార్ నిదానంగా మెట్లు దిగినట్టు సాగే పాట ఒకటి పెట్టి, గోడల వెంబడి మోకాళ్ల మీద నడుస్తూ చెవిని నేలకు దగ్గరగా పెట్టి వినండి. మూలకు వెళ్తే షోకేసులో స్టీలు గ్లాసులు గలగలమంటాయి, స్వరాలన్నీ కలిసిపోయి ఒకటే మోతగా తోస్తాయి. రెండడుగులు జరిగితే ఏ స్వరానికా స్వరం విడివిడిగా వినిపించే చోటు తగులుతుంది. సబ్ ఉండాల్సింది అక్కడ. ఈ ఓపిక లేనివాళ్లు నిజంగా టవర్లే కొనుక్కోవడం మంచిది. సరిగ్గా కుదరని సబ్ కన్నా సబ్ లేకపోవడమే నయం.

నన్ను సబ్ వైపు పూర్తిగా తిప్పింది రాత్రి వినికిడి. వాల్యూమ్ తగ్గిస్తే మన చెవి ముందుగా బేస్‌నే వదిలేస్తుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. ఫ్లాట్లలో రాత్రి తొమ్మిది తర్వాత మనం వినేది ఆ తక్కువ వాల్యూమ్‌లోనే. సబ్‌కి వేరే నాబ్ ఉంటుంది, రవ్వంత పెంచితే పాట మళ్లీ నిండుగా అవుతుంది. కింది ఇంటావిడ “అన్నయ్యగారూ, బాబు పడుకున్నాడండీ” అంటే సబ్ ఒక్కటీ ఆపేసి పాట కొనసాగించవచ్చు. కింద స్పాంజి ప్యాడ్ వేస్తే సరిపోతుందన్న మాట నమ్మకండి. లోతైన బేస్ కొంతైనా స్లాబు దాటి పోతుంది.

సబ్‌లో సీల్డ్ రకమే, అంటే రంధ్రం లేని మూసిన పెట్టే, మన గదులకు సరి. రంధ్రం ఉన్న రకం ఒక హద్దు దాకా గట్టిగా మోగి, అక్కడి నుంచి నిట్టనిలువునా పడిపోతుంది. సీల్డ్‌ది మెల్లగా తగ్గుతుంది, ఏసీ కోసం తలుపులు మూసిన చిన్న గది ఆ లోటును కొంత పూడుస్తుంది.

క్రాసోవర్ (సబ్ ఏ హెర్ట్జ్ నుంచి కిందకు మోగాలో చెప్పే నాబ్) దగ్గర ఒక జాగ్రత్త. చాలా చిన్న సెట్లు సబ్ తగిలించినా స్పీకర్లకు పంపే బేస్‌ని తగ్గించవు. కనుక స్పీకర్లు 60 దాకా దిగేవైతే సబ్‌ని 60 దగ్గరే మొదలుపెట్టాలి. 100కి తిప్పితే రెండూ ఒకేచోట మోగి ఘంటసాల గొంతు కూడా డ్రమ్ములోంచి వచ్చినట్టుంటుంది. ఫేజ్ స్విచ్ (సబ్ కోన్ కదలికను తిరగేసేది) 0, 180 రెండింట్లోనూ పెట్టి చూసి, బేస్ ఎక్కువ నిండుగా ఉన్నచోట వదిలేయండి. విజయవాడ ఆకాశవాణి పాత రికార్డింగులకు సబ్ ఆపేసుకోవచ్చు. ఆ లోతులో వాటిలో సంగీతం పెద్దగా ఉండదు, హమ్ (బుయ్యిమనే కరెంటు మోత) ఉంటే ఉంటుంది.

ఇంటి హమ్ వేరు. సబ్ కలపగానే 50 హెర్ట్జ్ బుయ్యిమంటే, సెట్టు, సబ్ రెండు ప్లగ్గులూ ఒకే బోర్డులో పెట్టి చూడండి. ఎర్త్ పిన్ను మాత్రం పీకకండి.

పెద్ద హాలున్న సొంతిల్లు, గట్టి యాంప్లిఫయర్, గోడకు రెండడుగులు ముందుకు స్పీకర్లు నిలబెట్టే చోటు ఉన్నవాళ్లు టవర్లు తీసుకోవచ్చు. మిగతావాళ్లు ముందు సెట్టు వెనక్కి తిప్పి సబ్ అవుట్ ఉందేమో చూడండి. లేకపోతే స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ తీసుకునే హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న సబ్ అడగాలి. ఈమధ్య వచ్చే చిన్న డిజిటల్ యాంప్లిఫయర్లలో మైనస్ టెర్మినల్‌ని గ్రౌండ్‌తో కలిపితే కాలిపోయే రకాలున్నాయి కాబట్టి, సబ్ హై లెవెల్ వైరు బిగించే ముందు మాన్యువల్ చదవండి.