పీఎఫ్‌సెన్స్‌లో ఎఫ్‌ఆర్‌ఆర్: ఫిల్టర్లు భేష్, తంటా అంతా ఫైర్‌వాల్‌తో అతుకు దగ్గరే

బ్రాంచిలు నాలుగైదు అయ్యాక స్టాటిక్ రూట్లు (ఏ నెట్‌వర్కుకి ఏ దారి అని చెప్పేవి) చేత్తో రాసుకుంటూ కూర్చోవడం కుదరదు. పీఎఫ్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్‌లో, రౌటర్లే రూట్లను ఒకదానికొకటి చెప్పుకునేలా చేసే ఎఫ్‌ఆర్‌ఆర్ ప్యాకేజీ వేసుకునేది అందుకే. 2017లో క్వాగా అనే రౌటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయిన ఎఫ్‌ఆర్ రౌటింగే లోపల నడుస్తుంది కాబట్టి బీజీపీ, ఓఎస్‌పీఎఫ్ అనే రౌటింగ్ ప్రోటోకాల్స్ తెలిసినవాళ్లు పెద్దగా తడుముకోనక్కర్లేదు. ప్యాకేజీ మేనేజర్ నుంచి ఇన్‌స్టాల్ చేసి, ముందు గ్లోబల్ పేజీలో ఎనేబుల్ టిక్కు, మాస్టర్ పాస్‌వర్డు, రౌటర్ ఐడీ పెట్టాలి. బీజీపీ పేజీ సంగతి ఆ తర్వాతే.

నైబర్ (అవతలి రౌటర్) సెషన్ లేవకుండా కనెక్ట్, యాక్టివ్ అంటూ తిరుగుతుంటే ముందు ఫైర్‌వాల్ రూల్ చూడండి. బీజీపీకి టీసీపీ 179 తెరవాలి. ఓఎస్‌పీఎఫ్‌కి పోర్టు ఉండదు, రూల్‌లో ప్రోటోకాల్‌గా ఓఎస్‌పీఎఫ్‌నే ఎంచుకోవాలి. ఐపీసెక్ వీటీఐ (రూట్లు నడిపే ఐపీసెక్ టన్నెల్) మీద నడిపితే మామూలుగా ఈ రూల్ ఐపీసెక్ ట్యాబ్‌లో ఉండాలి.

సెషన్ లేచింది, రూట్లు మాత్రం సున్నా. సమ్మరీలో ప్రిఫిక్సుల (నెట్‌వర్కు అడ్రసుల) అంకె ఉండాల్సిన చోట 'పాలసీ' అని కనిపిస్తుంది. ఇది బగ్ కాదు. ఆర్‌ఎఫ్‌సీ 8212 ప్రకారం బయటి ఏఎస్‌తో, అంటే వేరే ఏఎస్ నంబరున్న నెట్‌వర్కుతో, మాట్లాడేటప్పుడు ఇన్, అవుట్ రెండువైపులా ఫిల్టర్ లేకపోతే రూట్లు రావు, పోవు. దీన్ని ఆపేసే టిక్కు ఒకటుంది, చాలామంది దాన్నే నొక్కేస్తారు. నొక్కకండి, ఫిల్టర్ రాయడం పది నిమిషాల పని.

ఉదాహరణకి హైదరాబాద్ ఆఫీసు ఏఎస్ 65010, విజయవాడ 65020, అక్కడి నెట్‌వర్కులన్నీ 10.20.0.0/16 లోపల /24లుగా ఉన్నాయనుకుందాం. హైదరాబాద్ పెట్టెలో ప్రిఫిక్స్ లిస్ట్ తెరిచి, సీక్వెన్స్ 10, పర్మిట్, 10.20.0.0/16, మ్యాగ్జిమమ్ ప్రిఫిక్స్ 24 అని రాయండి. ఆ 24 మర్చిపోతే సరిగ్గా /16 మాత్రమే మ్యాచ్ అవుతుంది, 10.20.5.0/24 బయటే ఉండిపోతుంది. లిస్టు చివర కనిపించని డినై ఎలాగూ ఉంటుంది, విడిగా రాయక్కర్లేదు. ఇలాగే అవుట్ లిస్టు కూడా తయారుచేసి, నైబర్ పేజీలో రెండింటినీ తగిలించాలి. లిస్టు ఒక పేజీలో, తగిలించేది ఇంకో పేజీలో. ఈ తిరుగుడే నాకు నచ్చనిది.

ఫిల్టర్ ఏం మింగేసిందో చూడాలంటే నైబర్‌లో సాఫ్ట్ రీకాన్ఫిగరేషన్ ఇన్‌బౌండ్ పెట్టుకోవాలి. అప్పుడు ఫిల్టర్‌కి ముందు వచ్చినవీ, తర్వాత మిగిలినవీ పక్కపక్కన పోల్చుకోవచ్చు.

ఓఎస్‌పీఎఫ్ దగ్గర ఇంత స్వేచ్ఛ ఉండదు. ఒకే ఏరియాలో ఎల్‌ఎస్‌ఏలను (రౌటర్లు పంచుకునే లింకుల సమాచారం) ఆపలేం. రూట్‌ని మన టేబుల్‌లోకి ఎక్కనివ్వకుండా చేయగలం, అంతే. పక్కవాడికి అది చేరిపోతుంది. నైబర్ ఎక్స్‌స్టార్ట్ దశలో ఇరుక్కుంటే ముందు రెండువైపులా ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) పోల్చండి.

రౌటింగ్ ఎంత బాగా కుదిరినా కింద ఉన్నది ఫైర్‌వాల్. అసలు చిక్కులు ఇక్కడే మొదలవుతాయి. ల్యాన్ రూల్‌లో గేట్‌వే ఎంచుకుని ఉంటే ఆ ట్రాఫిక్ రౌటింగ్ టేబుల్ మొహం కూడా చూడదు. బీజీపీ రూట్ టేబుల్‌లో నిక్షేపంగా ఉంటుంది, ప్యాకెట్లేమో వ్యాన్ దారి పడతాయి. బ్రాంచి నెట్‌వర్కులకు గేట్‌వే లేని పాస్ రూల్ ఒకటి దానిపైన పెట్టండి. ఆటోమేటిక్ అవుట్‌బౌండ్ న్యాట్‌కి (లోపలి అడ్రసులను బయటి అడ్రసుగా మార్చేది) బీజీపీతో నేర్చుకున్న సబ్‌నెట్లు తెలియవు. విజయవాడ వాళ్లు హైదరాబాద్ మీదుగా ఇంటర్నెట్‌కి వెళ్లాలంటే హైబ్రిడ్ మోడ్‌కి మార్చి 10.20.0.0/16కి న్యాట్ రూల్ చేత్తో రాయాలి.

రెండు లింకులుంటే ఇంకో గొడవ. సిన్ (టీసీపీ కనెక్షన్ మొదటి ప్యాకెట్) ఒక పెట్టెలోంచి వెళ్లి, జవాబు ఇంకో పెట్టెలోంచి వస్తే ఆ రెండోదానికి స్టేట్ (ఆ కనెక్షన్ గుర్తు) ఉండదు. లాగ్‌లో టీసీపీ:ఎస్‌ఏ (సిన్‌కి జవాబు) అని బ్లాకులు పడుతుంటే అదే కారణమని అనుమానించండి. స్లాపీ స్టేట్ (సడలించిన తనిఖీ) పెట్టి సరిపెట్టుకోవడం కన్నా ఇన్‌బౌండ్ రూట్ మ్యాప్‌లో లోకల్ ప్రిఫరెన్స్ (మనం వెళ్లే దారి ఎంపిక), అవుట్‌బౌండ్‌లో ఏఎస్ పాత్ ప్రీపెండ్ (వద్దనుకున్న దారిని పొడవుగా చూపడం) పెట్టి రానూపోనూ ఒకే దారి చేయడం మేలు.

ఐఎస్‌పీతో బీజీపీ నడిపేవాళ్లకు ఇంకో మాట. పూర్తి ఐపీవీ4 టేబుల్ 9 లక్షల రూట్లు దాటింది. చిన్న పెట్టెకి డిఫాల్ట్ రూట్ చాలు. ఇన్ లిస్టులో 0.0.0.0/0 ఒక్కటే పర్మిట్ చేసి, మ్యాగ్జిమమ్ ప్రిఫిక్స్ ఖాళీగా వదిలేయండి. అక్కడ అలవాటుగా 32 కొట్టారా, ఐఎస్‌పీ పంపేదంతా లోపలికి వచ్చేస్తుంది.