పాత స్పోర్ట్స్ కారు కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇంజిన్ కంప్యూటర్ చదివించండి

పాత స్పోర్ట్స్ కారు కొనే ఆలోచనలో ఉన్న మన తెలుగువాళ్లందరికీ, ముఖ్యంగా టెక్సాస్‌లో ఉంటున్నవారికి ఈ హెచ్చరిక. ఏప్రిల్‌లో 2004 మోడల్ పోర్షా బాక్స్‌టర్ ఎస్ ఒకటి 14,200 డాలర్లకు కొన్నాను. ఈ రోజు దాని మరమ్మతుకు 13,000 డాలర్లు అవుతుందని అంచనా కాగితం చేతికిచ్చారు. 400 డాలర్లు పెట్టి తనిఖీ చేయించి ఉంటే ఈ సంగతి కొనకముందే ఒక్క పూటలో తెలిసిపోయేది.

అమ్మింది డీలరు కాదు, ఒక వ్యక్తి. పేరు రాయను. డాలస్ శివారులో మంచి ఇల్లు, మర్యాదగా మాట్లాడే మనిషి. రెండో బిడ్డ పుట్టిందని, రెండు సీట్ల కారుతో ఇక పని లేదని చెప్పారు. కారు మీద 68,000 మైళ్లు తిరిగాయి. కారు పాత చరిత్ర చూపించే కార్‌ఫ్యాక్స్ నివేదికలో ప్రమాదాలేవీ లేవు. అన్నిటికంటే నన్ను పడగొట్టింది ఆయన చూపించిన తనిఖీ పత్రం. వారం క్రితమే ఒక సర్వీసు సెంటరులో చేయించారట. రెండు పేజీల నిండా పచ్చ టిక్కులే. టైర్లు, బ్రేకులు, వైపర్లు, దీపాలు, బ్యాటరీ, అన్నీ బాగున్నాయి. పోర్షా పని మాత్రమే చేసే మెకానిక్‌కు ఫోన్ చేస్తే బుధవారం తీసుకురమ్మన్నారు. ఆ రోజు శనివారం. సాయంత్రం ఇంకొకరు చూడటానికి వస్తున్నారని అమ్మే ఆయన అన్నారు. ఆ మాటకు నేను తొందరపడ్డాను.

ఆ రాత్రి మా నాన్నగారికి ఫోన్ చేసి కారు చూపించాను. మెచ్చుకున్నారు. వెంటనే, "మెకానిక్‌కు చూపించావా నాన్నా?" అని అడిగారు. 1991లో ఆయన తెనాలిలో పాత అంబాసిడర్ కొన్నప్పుడు మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్లడం నాకు గుర్తుంది. ఆ మెకానిక్ కారు రంగు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఇంజిన్ నడుస్తుండగానే ఆయిల్ మూత తీసి, ఆ రంధ్రం మీద అరచెయ్యి పెట్టి, చేతికి గాలి తన్నుతోందా అని చూశాడు. తన్నితే పిస్టన్ రింగులు అరిగాయని అర్థం. నాన్నగారి ప్రశ్నకు, కాగితాలన్నీ చూశానని జవాబిచ్చాను.

బాక్స్‌టర్‌లో అలా చెయ్యి పెట్టి చూసే వీలు కూడా సరిగ్గా ఉండదు. ఇంజిన్ సీట్ల వెనక, కారు నడుమ ఉంటుంది. ముందు డాలా ఎత్తితే సామాను పెట్టుకునే చోటు, వెనక ఎత్తినా సామాను పెట్టుకునే చోటే. ఆయిల్ పోసే మూత, కూలెంట్ మూత లాంటివి తప్ప ఇంకేమీ కనపడవు. ఇంజిన్ చూడాలంటే గుడ్డ టాపును సగం లేపి, దాని కింద ఉన్న మూతలు విప్పాలి, లేదా కారును లిఫ్టు మీదికి ఎక్కించాలి. ఇలాంటి కారును వీధిలో నిలబెట్టి, చుట్టూ తిరిగి చూసి కొనడం కళ్లు మూసుకుని కొన్నట్టే.

ఆ శనివారం కారు చూడటానికి నేను వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంది. "మీరు వస్తున్నారని ఒక చుట్టు తిప్పి తెచ్చాను" అని అమ్మే ఆయన అన్నారు. దయచేసి ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇంజిన్ చల్లగా ఉండగా చూస్తానని ముందే చెప్పండి. వెళ్లాక వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వెనక్కి వచ్చేయండి. చల్లటి ఇంజిన్‌లో బయటపడే వణుకు, పొగ, చప్పుడు వేడెక్కాక చాలావరకు సర్దుకుంటాయి.

కొన్న తొమ్మిదో రోజు ఉదయం స్టార్ట్ చేస్తే ఇంజిన్ వణికింది, హెచ్చరిక దీపం వెలిగింది. అయిదో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే ఇంధనం సరిగ్గా మండటం లేదు, అని కంప్యూటర్‌లో కోడ్ వచ్చింది. ప్లగ్గులు, కాయిల్స్ మార్పించాను. వారం రోజులు బాగానే ఉన్నట్టు అనిపించి మళ్లీ అదే మొదలైంది. చివరికి, మొదట్లోనే వెళ్లవలసిన ఆ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. అప్పటికి నేను నడిపింది 900 మైళ్లు.

ఆయన లీక్‌డౌన్ పరీక్ష చేశారు. ప్లగ్గు తీసి, వాల్వులన్నీ (గాలి లోపలికి, పొగ బయటికి పోయే తలుపులు) మూసుకుని ఉండే స్థితిలో పిస్టన్‌ను నిలిపి, సిలిండర్‌లోకి ఒత్తిడితో గాలి పంపి, ఎంత శాతం బయటికి పోతోందో మీటరులో చూస్తారు. మిగతా అయిదు సిలిండర్లలో 4 నుంచి 6 శాతం పోతోంది. అయిదో దానిలో 42. గాలి అలాగే ఉంచి, సైలెన్సరు గొట్టం దగ్గర చెవి పెట్టమన్నారు. వంగి విన్నాను. పాము బుస కొట్టినట్టు సన్నగా, ఆగకుండా వస్తోంది. ఆయిల్ మూత దగ్గర వినిపిస్తే రింగులు పోయినట్టు, గాలి లోపలికి పీల్చే వైపు వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, పొగగొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు. నాది ఎగ్జాస్ట్ వాల్వు, బహుశా వంగింది అన్నారు.

వాల్వు ఊరికే వంగదు కదా. అందుకని ల్యాప్‌టాప్ తగిలించి ఇంజిన్ కంప్యూటర్‌లో ఓవర్‌రెవ్ నమోదులు, అంటే ఇంజిన్ హద్దు దాటి తిరిగిన లెక్కలు, చదివారు. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఇదే.

ఈ ఇంజిన్ నిమిషానికి 7,200 చుట్లు దాటకుండా కంప్యూటర్ ఆపుతుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఆ హద్దు దగ్గర ఇంధనం కట్ అవుతుంది. కానీ మూడో గేరులో వేగంగా పోతూ నాలుగు వేయబోయి పొరపాటున రెండు వేస్తే కంప్యూటర్ చేయగలిగింది ఏమీ లేదు. అప్పుడు ఇంజిన్‌ను తిప్పేది ఇంధనం కాదు, చక్రాలు. హద్దు దాటి తిరిగిన ఇంజిన్‌లో వాల్వు స్ప్రింగులు ఆ వేగాన్ని అందుకోలేవు. వాల్వు మూసుకునేలోపే పిస్టన్ పైకి వచ్చి దాన్ని కొట్టే ప్రమాదం ఉంది. హద్దు దాటిన ప్రతి సంఘటననూ కంప్యూటర్ రెండు మెట్లుగా రాసిపెట్టుకుంటుంది. మొదటి మెట్టులో కొన్ని అంకెలుంటే భయపడనక్కరలేదు, హద్దు దగ్గర గట్టిగా నడిపినా అవి పడతాయి. రెండో మెట్టులో పడ్డాయంటే మాత్రం గేరు తప్పుగా పడినట్టే. అక్కడ రాసేది ఎన్నిసార్లు స్పార్క్ వచ్చిందో ఆ లెక్క. దాని పక్కనే, చివరిసారి అది జరిగినప్పుడు ఇంజిన్ ఎన్ని గంటలు నడిచి ఉందో కూడా ఉంటుంది.

నా కారులో రెండో మెట్టులో 214. ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక చుట్టుకు మూడు స్పార్కులు. 8,000 చుట్ల వేగం దగ్గర సెకనుకు 400. అంటే అంతా కలిపి అర సెకను ముచ్చట. చివరిసారి జరిగింది 1,905వ గంటలో. పరీక్ష రోజుకు ఇంజిన్ నడిచింది 1,936 గంటలు. నా 900 మైళ్లకు 25 గంటలు తీసేస్తే, ఆ కారు నా చేతికి రావడానికి ఆరు గంటల ప్రయాణం ముందు ఇది జరిగింది. చేసింది అమ్మినాయనో, ఆయన దగ్గర తీసుకుని నడిపిన ఇంకొకరో నాకు తెలియదు. బిడ్డ పుట్టడం వల్ల అమ్ముతున్నారన్న మాటను మాత్రం ఇప్పుడు నమ్మలేకపోతున్నాను.

ఆ పచ్చ టిక్కుల పత్రంలో అబద్ధం ఒక్కటీ లేదు. టైర్లు నిజంగానే బాగున్నాయి. వాళ్లను ఎవరూ అడగని పరీక్ష వాళ్లు చేయలేదు, అంతే. అమ్మేవాడు డబ్బిచ్చి చేయించిన తనిఖీ అమ్మేవాడి కోసమే. మీ డబ్బుతో, మీరు ఎంచుకున్న మెకానిక్‌తో చేయించండి. "తనిఖీ చేయండి" అని ఊరుకోకుండా పరీక్షల పేర్లు చెప్పి అడగండి: అన్ని సిలిండర్లకూ లీక్‌డౌన్, ఓవర్‌రెవ్ నమోదుల ప్రింటు, లిఫ్టు మీద అడుగుభాగం ఫొటోలు. ఇరవై డాలర్ల చిన్న కోడ్ రీడర్‌లో ఓవర్‌రెవ్‌లు కనపడవు, డ్యూరామెట్రిక్ లాంటి, పోర్షా కార్లను చదివే సాఫ్ట్‌వేర్ కావాలి. అయితే ఆ చిన్న రీడర్ ఇంకో పనికి వస్తుంది. రెడీనెస్ మానిటర్లు, అంటే కారు కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు, చాలావరకు పూర్తి కాలేదని చూపిస్తే, ఈ మధ్యనే ఎవరో కోడ్‌లు చెరిపారని, లేదా బ్యాటరీ తీసి పెట్టారని అర్థం.

1997 నుంచి 2008 మోడల్ వరకు బాక్స్‌టర్ చూస్తున్నవారు ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగు (వాల్వులను తెరిచే కామ్‌షాఫ్టులను తిప్పడానికి ఇంజిన్ లోపల ఉండే షాఫ్టు బేరింగు, అది విరిగితే ఇంజినే పోవచ్చు) గురించి కూడా తప్పక అడగాలి. ఆయిల్ ఫిల్టరు తీయించి, దాని కాగితం మడతలు విప్పి అయస్కాంతం పెట్టించండి. అంటుకునే మెరుపు రజను కనిపిస్తే అది ఉక్కు, బేరింగుదయ్యే అవకాశం ఉంది. అలాంటి కారును అక్కడే వదిలేయండి. నా కారు ఫిల్టరు శుభ్రంగానే ఉంది. 2009 మోడల్ నుంచి వచ్చిన కొత్త ఇంజిన్లలో ఆ బేరింగే లేదు.

చట్టం ఆదుకుంటుందని అనుకోకండి. వ్యక్తి నుంచి వ్యక్తి కొన్న పాత కారు టెక్సాస్‌లో ఉన్నది ఉన్నట్టు కొన్నట్టే లెక్క. అమ్మినాయన ఈ లోపం తెలిసీ దాచారని నేను రుజువు చేయాలి, ఆ అంకెలు చూశారని ఎలా రుజువు చేయను? 2025 జనవరి నుంచి ఇక్కడ మామూలు కార్లకు ఏటా జరిగే భద్రతా తనిఖీని కూడా ఎత్తేశారు. కొన్ని కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం ఉంది.

వాల్వు మార్చాలంటే ఇంజిన్ దించాలి. దించాక కనెక్టింగ్ రాడ్ బోల్టులు, బేరింగులు కూడా చూడకుండా మళ్లీ బిగించనని మెకానిక్ అంటున్నారు. ఆయన మాట సబబే. ఇంకా నిర్ణయించుకోలేదు. ఉన్నది ఉన్నట్టు, ఏమీ చెప్పకుండా అమ్మేయమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. ఓవర్‌రెవ్ నమోదుల ప్రింటు కాగితాన్ని కారు పత్రాలతో కలిపి గ్లవ్ బాక్సులో పెట్టాను. ఎవరికి అమ్మినా ముందు అది వాళ్ల చేతికిచ్చాకే తాళాలు ఇస్తాను.