చదువు పూర్తయ్యేదాకా నిలిచిన ల్యాప్‌టాప్: థింక్‌ప్యాడ్ టీ14 సమీక్ష, మరికొన్ని పోలికలు

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో కొన్న లెనోవో థింక్‌ప్యాడ్ టీ14, అంటే 2020లో విడుదలైన మొదటి తరం మోడల్, చదువు ముగిసి ఉద్యోగంలో చేరిన తరువాత కూడా నా రోజువారీ పనికి సరిపోతోంది. ఈలోగా మా చెల్లెలి ఆపిల్ మాక్‌బుక్ ఎయిర్‌ను, హాస్టల్‌లో స్నేహితులు వాడిన వేర్వేరు కంపెనీల ల్యాప్‌టాప్‌లను దగ్గరగా చూసే అవకాశం, కొన్నింటిని విప్పి బాగుచేసే అవకాశం కలిగింది. కాలేజీలో చేరబోయే పిల్లలు, వారి తల్లిదండ్రులు నన్ను మొదట అడిగేది ఏ కంపెనీది మంచిదని. ఆ ప్రశ్నకు ఒక్క పేరుతో జవాబు చెప్పడం సాధ్యం కాదు. కంపెనీలో ఏ శ్రేణి, ఆ శ్రేణిలో ఏ మోడల్, ఆ మోడల్‌లో కొన్నాక ఇక మార్చుకోలేని భాగాలు ఏవి అన్న క్రమంలో వెతికితే తప్ప నాలుగేళ్లు నిలిచే ల్యాప్‌టాప్ దొరకదని నా గట్టి నమ్మకం.

కంపెనీ పేరుకు మనం ఇచ్చే విలువ ఎక్కువ. ప్రపంచంలో అమ్ముడయ్యే ల్యాప్‌టాప్‌లలో చాలా వాటిని క్వాంటా, కాంపాల్, విస్ట్రాన్, ఇన్వెంటెక్ వంటి కొద్దిపాటి తైవాన్ సంస్థలే రకరకాల బ్రాండ్ల కోసం తయారు చేస్తాయి. లోపలి ప్రాసెసర్ చాలావరకు ఇంటెల్‌దో ఏఎండీదో అయి ఉంటుంది, ర్యామ్ (పని జరుగుతున్నంతసేపు వాడే తాత్కాలిక మెమరీ), ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే చోటు) కూడా కొన్ని కంపెనీల నుంచే వస్తాయి. తేడా వచ్చేది శ్రేణి దగ్గర. ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన అన్నదమ్ముల స్వభావం ఒకటి కానట్టే, లెనోవోలో ఐడియాప్యాడ్ వేరు, థింక్‌ప్యాడ్ వేరు. హెచ్‌పీలో పెవిలియన్‌కూ ఎలైట్‌బుక్‌కూ, డెల్‌లో ఇన్‌స్పైరాన్‌కూ లాటిట్యూడ్‌కూ, ఆసుస్‌లో వివోబుక్‌కూ జెన్‌బుక్‌కూ అంతే దూరం ఉంది. ఈ జంటల్లో మొదటిది ఇంటి వాడకానికి తక్కువ ధరలో వచ్చే శ్రేణి అయితే, రెండోది ఆఫీసుల కోసమో, పై తరగతి కొనుగోలుదారుల కోసమో రూపొందించినది. డెల్ 2025లో పాత పేర్లను పక్కనపెట్టి డెల్, డెల్ ప్రో, డెల్ ప్రో మ్యాక్స్ అన్న పేర్లు తెచ్చింది కాబట్టి, ఇప్పుడు ఆ కంపెనీ ల్యాప్‌టాప్ చూసేవారు పాత మోడళ్ల సమీక్షలతో పోల్చుకునేటప్పుడు ఈ మార్పును గుర్తుంచుకోవాలి.

థింక్‌ప్యాడ్ పేరు 1992లో ఐబీఎమ్ దగ్గర మొదలై, 2005లో ఐబీఎమ్ తన పర్సనల్ కంప్యూటర్ల వ్యాపారాన్ని అమ్మినప్పుడు లెనోవో చేతికి వచ్చింది. నేను దాన్ని ఎంచుకోవడానికి ఈ చరిత్ర కారణం కాదు. కొనేముందు దాని నిర్వహణ పుస్తకాన్ని కంపెనీ వెబ్‌సైట్ నుంచి ఉచితంగా దింపుకొని చదవగలగడం, ఏ భాగాన్ని ఎలా విప్పాలో అందులో బొమ్మలతో సహా ఉండడం నన్ను ఒప్పించాయి. డెల్, హెచ్‌పీ కూడా ఇలాంటి పుస్తకాలను బహిరంగంగా ఉంచుతాయి. ఏ ల్యాప్‌టాప్ కొనాలనుకున్నా ముందు ఆ పుస్తకం తెరిచి ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ, కీబోర్డు మార్చే పేజీలు ఉన్నాయో లేదో చూడమని నేను అందరికీ చెబుతాను. ఆ కాస్త చదువు గంటల కొద్దీ చూసే వీడియో సమీక్షలకంటే ఎక్కువ సంగతులు చెబుతుంది.

ర్యామ్ విషయంలో ఈ జాగ్రత్త నాకు ఎంతో మేలు చేసింది. నా టీ14లో కొంత ర్యామ్ మదర్‌బోర్డుకే, అంటే లోపలి ప్రధాన బోర్డుకే, అతికించి ఉన్నా, పక్కన ఒక ఖాళీ స్లాట్ కూడా ఉంటుంది. మొదటి రెండేళ్లు ప్రోగ్రామింగ్ తరగతులకు, నోట్సుకు, బ్రౌజర్‌కు 8 జీబీ సరిపోయింది కానీ, ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో, కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్లు ఒకేసారి నడపవలసి వచ్చేసరికి చాలలేదు. అప్పుడు ఖాళీ స్లాట్‌లో 16 జీబీ కార్డు పెట్టుకోగానే మొత్తం 24 జీబీ అయింది, ల్యాప్‌టాప్ మార్చవలసిన అవసరం తప్పింది. ఇప్పుడు వస్తున్న సన్నని ల్యాప్‌టాప్‌లలో చాలా వాటికి స్లాట్ అసలు ఉండదు. అలాంటిది కొనేవారు మొదటే 16 జీబీ తీసుకోవాలి, ఎందుకంటే తరువాత ఎంత ఖర్చు పెట్టడానికి సిద్ధపడినా పెంచుకునే దారి లేదు. ఎస్‌ఎస్‌డీ గురించి అంత ఆందోళన అక్కర్లేదు. చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లలో అది విడిగా ఉండే చిన్న కార్డే కాబట్టి 512 జీబీతో మొదలుపెట్టి, నిండినప్పుడు పెద్దది పెట్టుకోవచ్చు.

తెర గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే విద్యార్థి కళ్లు రోజంతా చూసేది దాన్నే, దుకాణాల్లో ఎవరూ వివరించనిదీ దాన్నే. ఒకే మోడల్ పేరుతో నాలుగైదు రకాల తెరలు వస్తాయి. నేను కొన్న మోడల్‌లోనే 250 నిట్ల (నిట్ అంటే తెర వెలుగుకు కొలత) వెలుగుతో ఎన్‌టీఎస్‌సీ అన్న రంగుల ప్రమాణంలో 45 శాతం రంగులు మాత్రమే చూపే తెర ఒకటి, 400 నిట్ల వెలుగుతో ఎస్‌ఆర్‌జీబీ అన్న మరో ప్రమాణంలోని రంగులన్నీ చూపుతూ తక్కువ కరెంటు తీసుకునే తెర ఇంకొకటి ఉన్నాయి. రెండింటి రిజల్యూషన్ 1920×1080 కాబట్టి, ప్రకటనలో రెండూ ఫుల్ హెచ్‌డీ తెరలే. నేను 400 నిట్ల తెర ఉన్నదాన్నే వెతికి తీసుకున్నాను. కిటికీ పక్కన కూర్చున్నా అక్షరాలు స్పష్టంగా కనిపించడం, రాత్రి పొద్దుపోయేదాకా చదివినా కళ్లు అలసిపోకపోవడం, ఫోటోలలో ఎరుపు ఎరుపుగానే కనిపించడం ఆ ఎంపిక ఫలితాలు. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉన్న తెరను డిజైన్, ఆర్కిటెక్చర్, ఫ్యాషన్ చదివేవారు ఎంత తగ్గింపు ఇచ్చినా తీసుకోకూడదు. ప్రాసెసర్ ఒక మెట్టు తగ్గించుకొని అయినా మంచి తెర తీసుకోవడమే సరైన బేరం.

కీబోర్డు ఈ ల్యాప్‌టాప్‌కు ప్రాణం. మీటలు తగినంత లోతుకు దిగుతాయి, వేలికి అందే ఒంపు ఉంటుంది, కాస్త నీళ్లు ఒలికినా తట్టుకునే ఏర్పాటు కూడా ఉంది. ప్రాజెక్టు నివేదికలన్నీ దీని మీదే రాశాను, ఇప్పటికీ ఒక్క మీట కూడా మొరాయించలేదు.

బ్యాటరీ 50 వాట్-అవర్లది. కొత్తలో కాలేజీ రోజంతా ఛార్జర్ లేకుండా గడిచేది, ఏళ్లు గడిచేకొద్దీ మధ్యాహ్నానికే ప్లగ్ వెతుక్కోవలసి వచ్చింది. లిథియం-అయాన్ బ్యాటరీలన్నింటికీ ఇది సహజమే. ఎప్పుడూ నూటికి నూరు శాతం నిండి, వేడిలో ఉండే బ్యాటరీ త్వరగా అరిగిపోతుంది కాబట్టి, హాస్టల్‌లో ప్లగ్‌కు పెట్టి వాడేటప్పుడు లెనోవో వాంటేజ్ అన్న ప్రోగ్రాములో ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకున్నాను. ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఇదే సదుపాయం మైఆసుస్‌లో దొరుకుతుంది. చివరికి కొత్త బ్యాటరీ తెచ్చి, నిర్వహణ పుస్తకం చూసుకుంటూ నేనే మార్చుకున్నాను. 65 వాట్ల యూఎస్‌బీ-సీ ఛార్జర్‌తోనే ఫోను కూడా ఛార్జ్ అవుతుంది కనుక సంచిలో ఒక వైరు తగ్గింది.

ఇక మాక్‌బుక్ ఎయిర్ సంగతి. 2020 నవంబరులో ఎమ్1 చిప్‌తో వచ్చిన మోడల్‌ను మా చెల్లెలు జర్నలిజం చదువుతూ వాడింది. అందులో ఫ్యానే లేదు, అయినా వేడి అదుపులోనే ఉంటుంది. బ్యాటరీ నిలిచే విషయంలో నా ల్యాప్‌టాప్ దానికి దరిదాపుల్లో కూడా రాదు. రాయడం, చదవడం, శబ్దం ఎడిటింగ్, ఒక మోస్తరు వీడియో పనులు ఉన్న విద్యార్థికి అంతకంటే హాయిగా ఉండే యంత్రాన్ని నేను చూడలేదు. కానీ అందులో ర్యామ్ చిప్‌తో పాటే వస్తుంది, పెంచడం కుదరదు. ఆపిల్ 2024 చివర్లో ఎయిర్ మోడళ్లన్నింటిలో కనీస ర్యామ్‌ను 16 జీబీకి పెంచింది కాబట్టి, పాత 8 జీబీ మోడల్ తక్కువ ధరకు వస్తున్నా ఆశపడవద్దు. మెకానికల్ ఇంజనీరింగ్‌లో చేరేవారికి ఇంకొక చిక్కు ఉంది. యంత్ర భాగాల డిజైన్‌కు వాడే సాలిడ్‌వర్క్స్‌కు మాక్ వెర్షన్ లేదు, ఎమ్ శ్రేణి చిప్‌లు ఉన్న మాక్‌లలో బూట్ క్యాంప్ అన్న ఆపిల్ ప్రోగ్రాము ద్వారా విండోస్ వేసుకునే వీలూ లేదు. అందుకే కొనేముందు పై సంవత్సరం విద్యార్థులను అడిగి, నాలుగేళ్లలో ఏ సాఫ్ట్‌వేర్ వాడవలసి ఉంటుందో జాబితా తీసుకోండి.

గేమింగ్ ల్యాప్‌టాప్‌ల మీద చాలామందికి మోజు ఉంటుంది. త్రీడీ డిజైన్ చేసేవారికి, ఎన్‌విడియా వారి ‘కూడా’ (CUDA) సాఫ్ట్‌వేర్ మీద నడిచే మెషీన్ లెర్నింగ్ పనులు సొంత యంత్రంలోనే చేయాలనుకునేవారికి ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు నిజంగా అవసరమే. అయితే ఆర్‌టీఎక్స్ 4050 అన్న ఒకే పేరుతో 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా వేర్వేరు శక్తితో నడిచే కార్డులు ఉన్నాయి కనుక, వాట్లు ఎన్నో చూడకుండా పేరు మాత్రమే చూసి కొనకూడదు. మిగతావారు ఆ బరువును, ఇటుకంత అడాప్టర్‌ను, ఫ్యాను హోరును తరగతి గదికి మోసుకుపోవడం అనవసరం.

ప్రాసెసర్ పేర్లలోనూ ఇలాంటి మెలికే ఉంది. ఏఎండీ రైజెన్ 7000 వరుసలో మూడో అంకె లోపలి డిజైన్ ఏ తరానిదో చెబుతుంది. రైజెన్ 5 7520యూలో ఉన్నది పాత జెన్ 2 తరం డిజైన్ అయితే, 7530యూలో జెన్ 3, 7540యూలో జెన్ 4 ఉన్నాయి. పెట్టె మీద మూడూ రైజెన్ 5 అనే ఉంటాయి.

నన్ను నిజంగా బాధపెట్టినది హింజ్‌ల, అంటే మూతను కింది భాగానికి కలిపే కీళ్ల, విషయం. హాస్టల్‌లో ఒక స్నేహితుడి దగ్గర పెద్ద కంపెనీవారి చవక శ్రేణి ల్యాప్‌టాప్ ఉండేది. వారంటీ ముగిసిన కొంతకాలానికి మూత తెరుస్తుండగా ఒక పక్క ప్లాస్టిక్ పగిలి హింజ్ పైకి లేచింది. విప్పి చూస్తే, బిగుతైన లోహపు హింజ్‌ను పట్టి ఉంచేది పలుచని ప్లాస్టిక్ దిమ్మెల్లో పొదిగిన చిన్న ఇత్తడి మరలు మాత్రమే. రోజూ మూత తీసి వేసే బలమంతా ఆ దిమ్మెల మీద పడి, అవి ఊడి వచ్చాయి. ప్రాసెసర్, తెర, అన్నీ బాగున్న యంత్రం ఆ చిన్న భాగం వల్ల బల్ల మీదకే పరిమితమైంది. అప్పు చేసి కొనిచ్చిన తల్లిదండ్రులకు ఇది చిన్న నష్టం కాదు. దుకాణంలో మూతను ఒక మూల పట్టుకొని నెమ్మదిగా తెరిచి చూడండి, తెర మెలితిరిగినా, కింది భాగం కిర్రుమన్నా దాన్ని అక్కడే వదిలేయండి. కొనేటప్పుడే ఇంటికి వచ్చి బాగుచేసే వారంటీ ఉందో, సర్వీస్ సెంటర్‌కు మనమే తీసుకుపోవాలో కూడా అడగండి.

కొత్త థింక్‌ప్యాడో ఎలైట్‌బుకో కొనే స్తోమత లేనివారు ఆఫీసుల నుంచి తిరిగి వచ్చిన వాడిన ల్యాప్‌టాప్‌లను పరిశీలించవచ్చు. కొత్త చవక శ్రేణి కంటే ఇవి మేలని నా అభిప్రాయం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, విండోస్ 11 అధికారికంగా నడిచే ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆ తరువాతి ప్రాసెసర్ ఉన్నదే తీసుకోవాలి. బయాస్‌కు (విండోస్ కంటే ముందే నడిచే లోపలి ప్రోగ్రాముకు) పాత యజమాని పాస్‌వర్డ్ మిగిలి లేదని, పోర్టులన్నీ పనిచేస్తున్నాయని అక్కడే సరిచూసుకోవాలి. విండోస్ ఇచ్చే బ్యాటరీ నివేదికలో తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు పట్టే సామర్థ్యం రెండూ పక్కపక్కనే ఉంటాయి. రెండోది మొదటిదానిలో సగానికి దగ్గరగా ఉంటే, కొత్త బ్యాటరీ ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగండి.