మా కాంక్రీటు గోడలకి రోటరీ హ్యామర్: ఎనిమిది నెలలు వాడాక

బెంగళూరులో కాడుగోడి దగ్గర మేముండే అపార్ట్‌మెంట్‌లో ఇటుక గోడ అన్నది ఎక్కడా లేదు. గదికీ గదికీ మధ్య అడ్డుగోడ కూడా అల్యూమినియం అచ్చులు బిగించి కాంక్రీటు పోసిందే, మివాన్ అంటారు చూడండి, ఆ రకం. ఈ గోడలో మేకు దిగదు, మామూలు డ్రిల్లు కూడా దిగదు. ఇల్లు మారిన కొత్తలో కొన్న ఇంపాక్ట్ డ్రిల్లుతో కర్టెన్ రాడ్డు కోసం ఒక రంధ్రం మొదలుపెడితే, ఒంట్లో బలమంతా పెట్టి నొక్కినా పది నిమిషాలకి అర అంగుళం లోతు రాలేదు, బిట్టు కొస నీలంగా మారింది, మోటారు నుంచి కాలిన వాసన వచ్చింది. అప్పటినుంచి ఏ చిన్న పనికైనా యాప్‌లో మనిషిని పిలవడమే అలవాటైపోయింది.

ఆ అలవాటు మాన్పించింది నాన్న బాత్రూం. పోయినసారి అమ్మా నాన్నా మదనపల్లె నుంచి వచ్చి మా దగ్గర ఉన్నప్పుడు నాన్న బాత్రూంలో కాలు జారి పడ్డారు. దేవుడి దయవల్ల దెబ్బ పెద్దగా తగల్లేదు. మర్నాడే గ్రాబ్ బార్ కొన్నాం, అంటే కమోడ్ పక్కన గోడకి బిగించే స్టీలు కడ్డీ, పట్టుకుని లేవడానికి. యాప్‌లో బుక్ చేస్తే వచ్చిన అబ్బాయి అరగంటలో బిగించి వెళ్ళిపోయాడు. రెండు వారాలు తిరక్కముందే అది నాన్న చేతిలోనే కదిలింది.

ఊడదీసి చూశాను. స్క్రూ పొడవు ఒక అంగుళం. రావల్ ప్లగ్, అంటే స్క్రూ పట్టు కోసం రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ గొట్టం, టైలులోనూ, దాని వెనక మాలులోనూ ఉంది, అంతే. కాంక్రీటుని తాకనే లేదు. నాన్న బరువంతా ఎనిమిది మిల్లీమీటర్ల టైలు మీద, దాని వెనక కాస్త సిమెంటు మీద ఆగుతూ వచ్చిందన్నమాట. కోపం కన్నా భయం ఎక్కువ వేసింది నాకు. ఆ సర్వీసువాళ్ళకి ఫోన్ చేస్తే మళ్ళీ మనిషిని పంపిస్తామన్నారు, నేనే వద్దన్నాను. ఆ అబ్బాయి డ్రిల్లు కూడా నా డ్రిల్లు లాంటిదే, కాంక్రీటు తగలగానే అది ఆగిపోయి ఉంటుంది, అక్కడితో అతనూ ఆపేశాడు.

ఆ శనివారం మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారి, చిక్‌పేటలో దిగి ఎస్.పి. రోడ్డుకి నడిచాను. ఆదివారం పెట్టుకోకండి, అక్కడ చాలా షాపులు మూసి ఉంటాయి. నేను వెళ్ళిన షాపు మెట్లకింద ఇరుకు కొట్టు, కౌంటర్ మీదున్న పెద్దాయనది కోలారు వైపు తెలుగు. ఎంతలో కావాలి అని అడగలేదు ఆయన, "ఏం గోడమ్మా మీది, ఇటుకా కాంక్రీటా?" అన్నారు. కాంక్రీటని చెప్పగానే నేను చూపించిన ఖరీదైన ఇంపాక్ట్ డ్రిల్లు పక్కకి పెట్టేసి, రోటరీ హ్యామర్, అంటే సుత్తిలా కొడుతూ రంధ్రం చేసే మిషన్, తీసి, కొట్టు ముందున్న పాత కాంక్రీటు దిమ్మ మీద పెట్టి నా చేతికే ఇచ్చారు. పెద్దగా నొక్కకుండానే రెండంగుళాలు దిగింది. 4,600 రూపాయలకి తెచ్చుకున్నాను. మధ్యరకం దేశీ కంపెనీది, 800 వాట్లు, ఇదే ధరలో ఇలాంటివి అరడజను దాకా దొరుకుతాయి కాబట్టి కంపెనీ పేరు కన్నా ఏ రకం కొంటున్నారన్నది చూసుకోండి.

రెండూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి, లోపల మాత్రం సంబంధమే లేదు. ఇంపాక్ట్ డ్రిల్లులో పళ్ళున్న రెండు బిళ్ళలు ఒకదాని మీద ఒకటి తిరుగుతూ టకటకలాడతాయి, నిమిషానికి వేల దెబ్బలు పడతాయి గానీ ఒక్కో దెబ్బలో బలం ఉండదు, ఆ బలం మనం నొక్కితేనే. రోటరీ హ్యామర్‌లో పిస్టన్ ముందుకీ వెనక్కీ ఆడుతూ గాలిని నొక్కుతుంది, ఆ గాలి ఒక ఇనుప దిమ్మని విసురుతుంది, అది వెళ్ళి బిట్టు వెనక కొడుతుంది. దెబ్బలు తక్కువే, కానీ ప్రతి దెబ్బా సుత్తి దెబ్బే. మన పని దాన్ని తిన్నగా పట్టుకోవడం వరకే. బిట్టు కూడా చక్‌లో బిగించేది కాదు, ఎస్‌డీఎస్ ప్లస్ అని, గాడులున్న కాడ, లోపలికి తోస్తే టక్కున పడుతుంది, దెబ్బకి ముందుకీ వెనక్కీ జరిగేలా కాస్త వదులుగానే ఉంటుంది. అది పాడైందేమో అని నేను మొదటిరోజు కంగారుపడ్డాను, అది అలాగే ఉండాలి. 1975లో బాష్ తెచ్చిన పద్ధతి ఇది, ఇప్పుడు ఎస్‌డీఎస్ ప్లస్ అని రాసి ఉన్న ఏ కంపెనీ బిట్టైనా ఏ కంపెనీ మిషన్‌లోనైనా పడుతుంది. కాడకి చిటికెడు గ్రీజు రాయడం మాత్రం మరవద్దు.

ఇక గ్రాబ్ బార్ సంగతి. పాత రంధ్రాలకి నాలుగంగుళాలు పైన కొత్త చోటు చూసుకున్నాను, నాన్నని కమోడ్ మీద కూర్చోబెట్టి, లేవమని, చెయ్యి సహజంగా ఎక్కడికి వెళ్తుందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టాను. నీళ్ళ పైపులు ఆ గోడలో లేవని పైప్‌లైన్ ఫోటోలు చూసి నిర్ధారించుకున్నాను (ఇల్లు చేతికొచ్చేటప్పుడు బిల్డర్ ఇచ్చే ఆ ఫోటోలు దయచేసి పారేయకండి). గుర్తు మీద మాస్కింగ్ టేపు అంటించి, టైలు వరకు హ్యామర్ దెబ్బలు ఆపేసి, టైల్ బిట్టుతో నెమ్మదిగా తిప్పాను. టైలు మీద హ్యామర్ వేస్తే పగిలిపోతుంది. టైలులో రంధ్రం పది మిల్లీమీటర్లది పెట్టాను, ఆ తర్వాత కాంక్రీటులోకి హ్యామర్ మీద ఎనిమిది. ఇలా చేస్తే లోపల దెబ్బలు పడుతున్నప్పుడు బిట్టు టైలు అంచుకి తగలదు, బయటి పెద్ద రంధ్రాన్ని కడ్డీ బిళ్ళ కప్పేస్తుంది. టైలు దాటగానే వచ్చే పొడి రంగు మారుతుంది, తెల్లటిది కాస్తా బూడిద రంగులోకి, అక్కడినుంచి మాలు, ఆ తర్వాత ఒక్కసారిగా చప్పుడు గట్టిపడుతుంది. కాంక్రీటు వచ్చిందని చెవికే తెలిసిపోతుంది. ఒక రంధ్రంలో మాత్రం అంగుళంన్నర దగ్గర బిట్టు ఠంగుమని ఆగింది, లోపల ఇనుప కడ్డీ. దాన్ని పొడవాలని చూడకూడదు, బార్ కొంచెం జరిపి వేరే చోట పెట్టుకోవాలి.

రంధ్రంలో పొడి ఊది, ప్లగ్‌ని టైలు దాటి లోపలికి, కాంక్రీటులోకి దిగేదాకా తోశాను. ప్లగ్ టైలులోనే ఉండిపోతే స్క్రూ బిగిస్తున్నప్పుడు అది ఉబ్బి టైలుని చీలుస్తుంది. రంధ్రంలో కాస్త సిలికాన్ పెట్టి, మూడంగుళాల స్టెయిన్‌లెస్ స్క్రూలు, అటు మూడు ఇటు మూడు. సిలికాన్ ఆరాక ముందు నేను రెండు చేతులతో వేలాడి చూశాను. తర్వాత మా ఆయన. ఎనిమిది నెలలైంది, వెంట్రుకవాసి కదల్లేదు.

లోపాలున్నాయి. మూడు కిలోల బరువు, తలపైన చెయ్యెత్తి సీలింగ్‌కి రంధ్రం చేస్తే భుజం లాగేస్తుంది, బట్టలారేసే రాడ్ల పుల్లీలు బిగించిన రోజు మధ్యలో రెండుసార్లు దిగి కూర్చున్నాను. లోతు చూపించే కడ్డీ దెబ్బలకి జారిపోతుంది, నేను దాన్ని తీసేసి బిట్టుకే టేపు చుట్టి గుర్తు పెట్టుకుంటున్నాను. గుండ్రటి కాడ ఉన్న టైల్ బిట్లు, చెక్క బిట్లు ఇందులో పట్టవు, అడాప్టర్ కావాలి, దాంతో బిట్టు కొంచెం వణుకుతుంది కాబట్టి సన్నటి పనికి పనికిరాదు, పైగా అడాప్టర్ పెట్టినప్పుడు హ్యామర్ వెయ్యకూడదు. చెక్క అల్మరా పనులకి నేను పాత డ్రిల్లే వాడుతున్నాను. అద్దె ఇల్లయి, ఇటుక గోడలైతే మీకిది అక్కర్లేదు, డబ్బు దండగ.

ఇంకోటి, దుమ్ము. కాంక్రీటు పొడిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఎన్95 మాస్కు, కళ్ళద్దాలు పెట్టుకోకుండా మొదలుపెట్టకండి, చిన్నపిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. రంధ్రం కింద కాగితాన్ని వి ఆకారంలో మడిచి టేపుతో అంటిస్తే పొడి సగానికి పైగా అందులోనే పడుతుంది. చప్పుడు గోడల వెంట మూడంతస్తుల దాకా వెళ్తుంది, కాంక్రీటు గోడలకి అదొక గుణం. మా కిందింట్లో పసిపాప ఉంది, అందుకని పని పెట్టుకున్నప్పుడల్లా ముందురోజు వాళ్ళమ్మకి మెసేజ్ పెట్టి పాప నిద్రపోని వేళ అడిగి చేస్తున్నాను.

పెట్టెలో మూడు బిట్లు, రెండు ఉలులు వచ్చాయి. బిట్లు నాసిరకం, ఎనిమిది మిల్లీమీటర్లది నాలుగు రంధ్రాలకే అరిగిపోయింది. మిషన్‌తో పాటే ఆరు, ఎనిమిది, పది మిల్లీమీటర్ల మంచి బిట్లు విడిగా కొనుక్కోండి, నాకు మూడింటికీ కలిపి ఐదొందలు లోపే అయింది.