విండోస్ నుంచి లినక్స్ మింట్‌కి: కొన్నేళ్ళ వాడకం తర్వాత

విండోస్‌కి బదులుగా వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) లినక్స్ మింట్‌ని రోజువారీ పనికి వాడుతూ కొన్నేళ్ళయింది. వెర్షన్ 20తో మొదలుపెట్టాను, 21 మీదుగా ఇప్పుడు 22కి వచ్చాను. ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న లాప్‌టాప్. పని ఎక్కువగా రాయడం, ఎడిటింగ్, స్ప్రెడ్‌షీట్లు, అప్పుడప్పుడూ ఫొటోలు సరిచేసుకోవడం. ఇన్‌స్టాల్ చేసిన వారంలోనే రాసేసే సమీక్షలు కోకొల్లలు. కొత్త మెనూ బాగుంది, త్వరగా బూట్ అవుతోంది అన్న సంబరం దాటి వాటిలో పెద్దగా ఏమీ దొరకదు. ఒక సిస్టమ్ సంగతి తెలిసేది రెండు పెద్ద అప్‌గ్రేడ్‌లు, ఒకటో రెండో గండాలు దాటాకే.

ఈ మధ్య చాలామంది లినక్స్ వైపు చూడడానికి కారణం తెలిసిందే. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైది కావాలి. నా లాప్‌టాప్‌కి ఆ అర్హత లేదు. కానీ నేను మారింది అంతకు ముందే, కారణమూ వేరు. నా యంత్రంలో ఎప్పుడు ఏది మారాలో నేనే నిర్ణయించుకోవాలనీ, ఏదైనా చెడితే ఎందుకు చెడిందో తెలుసుకునే దారి ఉండాలనీ అనుకున్నాను. ఆ రెండూ దొరికాయి. నా దృష్టిలో ఈ మార్పు వల్ల వచ్చిన అసలు లాభం అదే. మిగతావన్నీ దాని తర్వాతే.

మొదట అప్‌డేట్ల సంగతి. కింద ప్యానెల్‌లో డాలు ఆకారంలో ఒక చిన్న గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే వచ్చిన అప్‌డేట్లన్నీ వరసగా కనిపిస్తాయి: ఏ ప్యాకేజీ, పాత వెర్షన్ ఏది, కొత్తది ఏది, ఏం మార్చారు. సెక్యూరిటీవి వేరే గుర్తుతో ఉంటాయి. ఆటోమేటిక్‌గా వేసుకోమని మనం చెప్తే తప్ప అది తనంతట తాను దేన్నీ వేయదు. బ్రౌజర్, ఆఫీస్, పీడీఎఫ్ రీడర్, కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) అన్నీ ఒకే చోట అప్‌డేట్ అవుతాయి, ఒక్కో ప్రోగ్రామ్‌ని విడిగా వెతుక్కోనక్కర్లేదు. రీస్టార్ట్ అవసరమైతే అడుగుతుంది, ఎప్పుడు చేయాలన్నది మన ఇష్టం. ఈ స్వేచ్ఛకి తగ్గ పూచీ కూడా మనదే. నెలల తరబడి ఆ డాలుని పట్టించుకోని వాళ్ళకి ఇది మేలు కంటే కీడే చేస్తుంది. అలాంటివాళ్ళు ఆటోమేటిక్ పెట్టుకోవడమే మంచిది.

ఇక గండం. నేను విడిగా కొన్న యూఎస్‌బీ వైఫై అడాప్టర్ ఒకటుంది. దాన్ని నడిపించే డ్రైవర్ అనే ప్రోగ్రామ్ కెర్నల్‌లో భాగం కాదు, విడిగా తెచ్చి వేసుకున్నది. కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా ఆ డ్రైవర్ దానికి తగ్గట్టు మళ్ళీ కంపైల్ కావాలి, అంటే కోడ్ నుంచి కొత్తగా తయారవ్వాలి. ఆ పనిని డీకేఎంఎస్ అనే ఏర్పాటు చూసుకుంటుంది. ఒకసారి కెర్నల్ అప్‌డేట్ అయ్యి రీస్టార్ట్ చేశాక వైఫై గుర్తు మాయమైంది. నెట్ లేకపోతే పరిష్కారం వెతకడం ఎలా?

ఇక్కడే ఈ సిస్టమ్ పనితనం కనిపించింది. మళ్ళీ రీస్టార్ట్ చేసి, బూట్ అవుతున్నప్పుడు ఏ కెర్నల్‌తో మొదలవ్వాలో ఎంచుకునే గ్రబ్ మెనూ తెరిచి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్ళాను. పాత కెర్నల్ అక్కడే భద్రంగా ఉంది. కొత్తది వచ్చిందని పాతదాన్ని వెంటనే తీసేయరు. దాన్ని ఎంచుకుంటే అంతకుముందులాగే వైఫైతో సహా అన్నీ పనిచేశాయి. పని ఆగలేదు. తీరిక దొరికాక డీకేఎంఎస్ లాగ్ తెరిస్తే, డ్రైవర్ కోడ్‌లో ఫలానా ఫైల్లో ఫలానా వరస దగ్గర కంపైల్ ఆగిపోయిందని, కెర్నల్‌లో ఒక ఫంక్షన్ మారడం దానికి కారణమని స్పష్టంగా ఉంది. అదే ఎర్రర్ పెట్టి వెతికితే, ఆ డ్రైవర్‌ని ఎవరో స్వచ్ఛందంగా కొత్త కెర్నల్‌కి సరిచేసి పెట్టారు. దాన్ని తెచ్చి వేసుకున్నాను. నేను ప్రోగ్రామర్ని కాను. అయినా లక్షణం నుంచి కారణం దాకా వెళ్ళగలిగాను, ఎందుకంటే దారిలో ఏ తలుపూ మూసి లేదు. 'ఏదో పొరపాటు జరిగింది, మళ్ళీ ప్రయత్నించండి' అనే మెసేజ్ దగ్గర ఆగిపోయిన అనుభవం ఉన్నవాళ్ళకి ఈ తేడా విలువ వేరే చెప్పనక్కర్లేదు.

దీనికి తోడు టైమ్‌షిఫ్ట్. సిస్టమ్ ఫైళ్ళని ఫొటో తీసినట్టు స్నాప్‌షాట్‌గా దాచే ప్రోగ్రామ్ ఇది, మింట్‌తో పాటే వస్తుంది. అప్‌డేట్ వికటిస్తే నిన్నటి స్థితికి వెనక్కి వెళ్ళిపోవచ్చు. డెస్క్‌టాప్ దాకా రాకపోయినా ఇన్‌స్టాల్ చేయడానికి వాడిన యూఎస్‌బీ నుంచి బూట్ చేసి కూడా వెనక్కి తిప్పవచ్చు. ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్తాను: మామూలు సెట్టింగుల్లో ఇది మీ డాక్యుమెంట్లనీ ఫొటోలనీ దాచదు, సిస్టమ్‌ని మాత్రమే దాచుతుంది. సొంత ఫైళ్ళకి వేరే డిస్క్ మీద వేరే బ్యాకప్ ఉండి తీరాలి.

వేగం గురించి కొంత అతిశయోక్తి ప్రచారంలో ఉంది. లినక్స్ వేస్తే పాత కంప్యూటర్ కొత్తదైపోతుందంటారు. సగమే నిజం. డెస్క్‌టాప్ తేలికగా ఉంటుంది, వెనకాల అనవసరంగా నడిచేవి తక్కువ. కానీ బ్రౌజర్‌లో పాతిక ట్యాబులు తెరిస్తే అవి తినే ర్యామ్ ఏ సిస్టమ్ మీదైనా ఇంచుమించు అంతే. ఇంకా పాత హార్డ్‌డిస్క్ మీదే నడుస్తున్న కంప్యూటర్ అయితే ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి, దానివల్ల కనిపించే తేడా ఏ ఓఎస్ వల్లా రాదు.

మారడంలో అసలు కష్టం ఓఎస్ దగ్గర లేదు, అప్లికేషన్ల దగ్గర ఉంది. మింట్‌లోని సినమన్ డెస్క్‌టాప్ విండోస్ అలవాటున్న చేతికి ఒక పూటలో పట్టుబడుతుంది: కింద ప్యానెల్, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం. కానీ ఫొటోషాప్‌కి, ఆటోక్యాడ్‌కి, మైక్రోసాఫ్ట్ ఆఫీస్ డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌కి లినక్స్ వెర్షన్ లేదు. నా ఫొటోల పనికి గింప్ అనే ఉచిత ప్రోగ్రామ్ సరిపోతుంది, 2025లో 3.0 వచ్చాక మరీ సుఖంగా ఉంది. ప్రింటింగ్ ప్రెస్‌కి ఫైళ్ళు పంపే డిజైనర్‌కి మాత్రం అది చాలుతుందని నేను చెప్పను.

మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌కి బదులు వాడే ఉచిత ప్రోగ్రామ్ లిబ్రెఆఫీస్‌తో నా అనుభవం మంచిదే. ఇతరులు పంపిన వర్డ్ ఫైల్ తెరిస్తే పేజీలు జారిపోతున్నాయన్న ఫిర్యాదు తరచుగా వింటాను. చాలాసార్లు దానికి కారణం ఫాంట్. ఫైల్లో కాలిబ్రి, కేంబ్రియా వాడి ఉంటారు, అవి మన దగ్గర ఉండవు. వాటి అక్షరాల వెడల్పుతో సరిగ్గా సరిపోయేలా చేసిన కార్లిటో, కలాడియా అనే ఉచిత ఫాంట్లు ఉన్నాయి. అవి ఉంటే సగం గొడవ అక్కడే తీరుతుంది. తీరనిది మాక్రోల (షీట్‌లో పనులని వాటంతట అవే చేసే చిన్న ప్రోగ్రాముల) గొడవ. ఎక్సెల్‌లో భారీ మాక్రోల మీద ఆధారపడిన లెక్కలు లిబ్రెఆఫీస్‌లో చాలావరకు నడవవు. మీ ఉద్యోగం అలాంటి షీట్ల మీద ఉంటే మారకండి, లేదా ఆ ఒక్క పనికి విండోస్ ఉంచుకోండి.

తెలుగు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, మనలో చాలామంది సందేహం అదే కాబట్టి. భారతీయ భాషల కోసం చేసిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ లేఅవుట్ సిస్టమ్‌లోనే ఉంది, కీబోర్డ్ సెట్టింగుల్లో చేర్చుకుంటే చాలు. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు తెచ్చుకునే అలవాటుంటే ఐబస్, ఎం17ఎన్ అనే టైపింగ్ ప్రోగ్రామ్‌లు వేసుకోండి. ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ రెండు పద్ధతులూ అందులో దొరుకుతాయి. నేను ఆర్‌టీఎస్‌తోనే రాస్తాను. నోటో తెలుగు ఫాంట్లలో ఒత్తులు, గుణింతాలు చక్కగా కుదురుతాయి. 2017లో వచ్చిన 5.3 నుంచి లిబ్రెఆఫీస్ అన్ని సిస్టమ్‌ల మీదా హార్ఫ్‌బజ్ అనే ఒకే ఇంజిన్‌తో అక్షరాలని కూరుస్తుంది, కాబట్టి ఒకే ఫాంట్ వాడితే ఇక్కడా అక్కడా అక్షరం ఒకేలా కనిపిస్తుంది. పాత డీటీపీ ఫైళ్ళ సంగతి వేరు. అన్ని కంప్యూటర్లకీ ఉమ్మడి అయిన యూనికోడ్ పద్ధతి పాటించని 'అను' ఫాంట్లలో కంపోజ్ చేసినవాటిని నేరుగా తెరిస్తే గజిబిజి అక్షరాలే వస్తాయి. పాత పేజ్‌మేకర్ పనులు రోజూ తెరవాల్సినవాళ్ళకి విండోస్ తప్పదు.

ఆటలు ఆడేవాళ్ళకి పరిస్థితి ఊహించిన దానికంటే బాగుంది. ఆటలమ్మే స్టీమ్‌ని నడిపే వాల్వ్ కంపెనీ 2018లో విండోస్ ఆటల్ని లినక్స్‌లో నడిపించే ప్రోటాన్ తెచ్చాక స్టీమ్‌లోని విండోస్ ఆటలు చాలా నడుస్తున్నాయి. కెర్నల్ స్థాయి యాంటీ-చీట్ (ఆటలో మోసాన్ని పట్టే ప్రోగ్రామ్) కోరే వాలరెంట్ లాంటివి నడవవు.

విండోస్‌ని కూడా పక్కన ఉంచుకునేవాళ్ళకి రెండు చిక్కులు ఎదురవుతాయి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ పూర్తిగా జరగదు, దాంతో లినక్స్ విండోస్ ఉన్న డిస్క్ భాగంలో (పార్టిషన్‌లో) రాయడానికి ఒప్పుకోదు. దాన్ని ఆఫ్ చేయండి. రెండోది గడియారం. మదర్‌బోర్డు గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగా, లినక్స్ యూటీసీగా (అంతర్జాతీయ ప్రామాణిక సమయంగా) చదువుతాయి, అందుకే ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్తే టైమ్ తప్పుతుంది. ఏదో ఒకవైపు సెట్టింగ్ మారిస్తే సరిపోతుంది.

నాకు ఇప్పటికీ పూర్తిగా తీరనిది బ్యాటరీ. మూత వేసి పెట్టిన లాప్‌టాప్ రాత్రికి రాత్రి చాలా చార్జ్ తాగేసేది. సిస్టమ్ ఏ నిద్ర పద్ధతి వాడుతోందో ఒక చిన్న ఫైల్లో రాసి ఉంటుంది. చూస్తే తేలిక నిద్ర ఎంపికై ఉంది, గాఢ నిద్ర కూడా అందుబాటులో ఉంది. గ్రబ్ సెట్టింగుల్లో ఒక మాట చేర్చి గాఢ నిద్రకి మార్చాక రాత్రి ఖర్చు బాగా తగ్గింది. పగలు పనిచేస్తున్నప్పుడు మాత్రం ఈ లాప్‌టాప్‌లో విండోస్ ఇచ్చినంత బ్యాటరీ ఇప్పటికీ రావడం లేదు. ఎక్కువగా ప్లగ్ దగ్గరే పనిచేస్తాను కాబట్టి సర్దుకున్నాను. రోజంతా బయట తిరిగేవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మారాలనుకుంటే ముందు విండోస్‌లో ఉండగానే ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్, గింప్‌లతో కొన్నాళ్ళు పనిచేసి చూడండి. అవి విండోస్‌కీ ఉన్నాయి. వాటితో పని సాగితే యూఎస్‌బీలో మింట్ వేసి లైవ్‌గా బూట్ చేయండి, అందులో డిస్క్ మీద ఏమీ మారదు. వైఫై, సౌండ్, వెబ్‌క్యామ్, ప్రింటర్, బ్లూటూత్, రెండో మానిటర్ ఒక్కొక్కటీ అక్కడే పరీక్షించండి. మూత వేసి, కాసేపాగి తెరిచి, మళ్ళీ సరిగ్గా మేలుకుంటోందో చూడండి. వైఫై పట్టకపోతే ఫోన్‌ని యూఎస్‌బీతో తగిలించి టెథరింగ్ పెడితే నెట్ వస్తుంది, ఆ తర్వాత డ్రైవర్ మేనేజర్ తెరిస్తే కావలసిన డ్రైవర్ ఉందో లేదో అదే చెప్తుంది.