చిటపట శబ్దం: బఫర్ పెంచాలా, కొత్త ఇంటర్‌ఫేస్ కొనాలా?

రికార్డింగ్‌లో చిటపటలు వినిపించగానే చాలామంది కొత్త ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) కోసం వెతుకుతారు. ఆగండి. చాలాసార్లు తప్పు దానిది కాదు, కంప్యూటర్ ఆడియోని సమయానికి అందించలేకపోతోంది, అంతే. కంప్యూటర్ ఒక్కో విడతలో ఎంత ఆడియో తీసుకోవాలో చెప్పే సెట్టింగే బఫర్; దాన్ని పెంచితే కంప్యూటర్‌కి ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది.

ఖర్చు: బఫర్‌కి పైసా అక్కర్లేదు. ఇంటర్‌ఫేస్‌కి డబ్బు పెట్టాలి.

శ్రమ: సెట్టింగ్స్‌లో బఫర్ సైజు 128 శాంపిళ్లని (శబ్దాన్ని కొలిచిన చిన్న ముక్కలు) 512 చేస్తే సరి. కొత్తదైతే డ్రైవర్లు, కేబుళ్లు, లెవెల్స్ అన్నీ మొదటినుంచి.

రిస్క్: బఫర్ పెంచితే ఆలస్యం పెరుగుతుంది. 48 కిలోహెర్ట్జ్ (సెకనుకి 48 వేల శాంపిళ్లు) దగ్గర 128 శాంపిళ్లంటే దాదాపు 2.7 మిల్లీసెకన్లు, 512 అంటే 10.7, రానూపోనూ కలిపితే 20 దాటుతుంది, అప్పుడు హెడ్‌ఫోన్స్‌లో మీ గొంతు మీకే వెనకబడి వినిపించి తాళం జారిపోతుంది. డైరెక్ట్ మానిటరింగ్ (మైక్ శబ్దం కంప్యూటర్‌దాకా వెళ్లకుండా ఇంటర్‌ఫేస్ నుంచే హెడ్‌ఫోన్స్‌కి రావడం) ఉంటే ఈ బాధ లేదు. కొత్తది కొన్నా, అదే లాప్‌టాప్, అవే బరువైన ప్లగిన్లు (ఎఫెక్టుల సాఫ్ట్‌వేర్) అయితే చిటపట మళ్లీ రావచ్చు. డబ్బు పోయాక అది నిజంగా బాధగా ఉంటుంది.

ముందు వేవ్‌ఫామ్‌ని బాగా జూమ్ చేసి చూడండి. సాఫీగా పోతున్న అల ఒక్కసారిగా తెగి నిట్టనిలువు గీత పడిందా, బఫర్ వైపు చూడండి. అంచులు కత్తిరించినట్టు చదునుగా ఉన్నాయా, గెయిన్ (మైక్ ఇన్‌పుట్ స్థాయి) తగ్గించండి, ఇంకేమీ అక్కర్లేదు.

మిక్సింగ్‌లోనే చిటపట వస్తే బఫర్ పెంచడమే మేలు. కేబుల్, యూఎస్‌బీ పోర్టు మార్చినా, వేరే కంప్యూటర్‌కి పెట్టినా అదే శబ్దం వస్తుంటే, అప్పుడు కొత్త ఇంటర్‌ఫేస్ కొనండి.